లారీ ఇంజిన్‌లో పొద్దుటి చప్పుడు: కారణాలు, నిర్ధారణ

రాత్రంతా నిలిపి ఉంచిన లారీకి పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ నుంచి కొద్దిసేపు వినిపించి, ఆ తర్వాత దానంతట అదే పోయే అసాధారణ శబ్దాన్ని మోటారు వృత్తిలో కోల్డ్ స్టార్ట్ సౌండ్ అంటారు. డ్రైవర్లు మామూలుగా పొద్దుటి చప్పుడు అనే అంటారు. ఇది రోజూ వస్తే పట్టుకోవడం తేలికే. రెండు రోజులు వచ్చి మూడో రోజు రాకపోతేనే చిక్కు. బండి షెడ్డుకు చేరేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంటుంది, చప్పుడు ఉండదు. డ్రైవర్ మాట మీద నమ్మకంతో మెకానిక్ హెడ్ దించుతాడు, లేదా నమ్మకం లేక బండిని తిప్పి పంపుతాడు. ఈ రెండూ కాకుండా, చప్పుడు వచ్చే పరిస్థితిని కావాలని మళ్లీ కల్పించి, అది ఎంతసేపు బతికి ఉందో కొలిచి, దాన్నిబట్టి మూలం చేరుకోవడమే నిర్ధారణలో ప్రధానమైన పని.

చలి ఎంత, నిలుపు ఎంత

ఉదాహరణకు రఘునాథపల్లి ప్రాంతాన్ని తీసుకుందాం. ఇది హైదరాబాద్–వరంగల్ రహదారి మీద జనగామకు, స్టేషన్ ఘన్‌పూర్‌కు నడుమ ఉన్న మండల కేంద్రం. ఒకప్పుడు 202 అనిపించుకున్న ఈ దారి ఇప్పుడు 163వ నంబరు జాతీయ రహదారి. భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం వైపు సాగుతుంది. పత్తి, వానాకాలం వడ్లు మార్కెట్‌కు వచ్చే రోజులు, చలి ముదిరే రోజులు ఇక్కడ ఒకటే. వరంగల్ ఏనుమాముల మార్కెట్ దగ్గరా, రైస్ మిల్లుల ముందూ, వడ్ల కొనుగోలు కేంద్రాల దగ్గరా లారీలు వరుసలో రాత్రంతా, ఒక్కోసారి రెండు మూడు రాత్రులు కదలకుండా నిలబడతాయి. పొద్దుటి చప్పుడు ఫిర్యాదులు పుట్టేది ఎక్కువగా అక్కడే.

అయితే దీన్ని చలి జబ్బు అనుకోవడం సగం పొరపాటు. మంచు దేశాల్లో రాసిన మరమ్మతు పుస్తకాలు కోల్డ్ స్టార్ట్ అనగానే గడ్డకట్టే ఆయిల్ గురించీ, బ్లాక్‌ను వెచ్చబెట్టే హీటర్ల గురించీ చెబుతాయి. ఇక్కడ డిసెంబర్, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత సాధారణంగా పదిహేను డిగ్రీల చుట్టూ ఉంటుంది. కొన్నేళ్లలో అంతకంటే దిగినా సున్నా దరిదాపుకు పోదు. మన లారీల్లో ఎక్కువగా పోసేది 15డబ్ల్యూ-40 ఆయిల్. ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం 15డబ్ల్యూ అనిపించుకోవాలంటే ఆ ఆయిల్ మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా ఇంజిన్‌ను తిరగనివ్వాలి, మైనస్ 25 దగ్గర కూడా పంపుకు అందాలి. ఆ రకం ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల వద్ద సుమారు 110 సెంటీస్టోక్‌లు, 100 డిగ్రీల వద్ద 14, 15 మాత్రమే. పదిహేను డిగ్రీలకు దిగితే 40 డిగ్రీల నాటికంటే దాదాపు నాలుగింతలు చిక్కబడుతుంది. అది తక్కువేమీ కాదు గాని, బాగున్న పంపుకు లెక్కలోనిది కాదు. కాబట్టి తెలంగాణలో ఆయిల్ చిక్కబడి పైకి ఎక్కలేదన్న వివరణతో తృప్తిపడకూడదు. అడగవలసింది చలి ఎంత అని కాదు, బండి ఎన్ని గంటలు నిలబడింది అని. ఏప్రిల్‌లో రెండు రాత్రులు నిలిచిన బండికి కూడా ఇదే చప్పుడు వస్తే చలి సంగతి పక్కన పెట్టవచ్చు.

నిలబడ్డ ఇంజిన్‌లో జరిగేవి కొన్ని ఉన్నాయి. రాకర్ షాఫ్టు, బేరింగులు, ఆయిల్ గ్యాలరీల్లోని ఆయిల్ మెల్లగా కిందికి జారి ఇంజిన్ అడుగునున్న చాంబర్‌లో చేరుతుంది. అల్యూమినియం పిస్టన్ చల్లబడి లైనర్ కంటే ఎక్కువగా కుంచించుకుపోతుంది. డీజిల్ లైన్‌లో ఎక్కడైనా సన్నని లీకు ఉంటే డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారి ఆ ఖాళీలో గాలి పడుతుంది. బ్రేకుల గాలి ట్యాంకులు ఖాళీ అవుతాయి. బ్యాటరీ కొంత దిగుతుంది. పొద్దుటి చప్పుళ్లలో చాలావరకు ఈ మార్పుల్లో ఏదో ఒకదాని ఫలితాలే.

చప్పుడు ఆయువు

నిర్ధారణకు మొదటి ఆధారం శబ్దం స్వభావం కాదు, దాని ఆయువు. టకటక అనో, దబదబ అనో, ఖణఖణ అనో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పే శబ్దం మీద వాదన తెగదు. ఎన్ని సెకన్లు వచ్చిందన్నది మాత్రం గడియారం చెబుతుంది.

స్టార్టయిన రెండు నుంచి పది సెకన్లలో పోయే చప్పుడు ఆయిల్ అందకపోవడం వల్ల వచ్చేది. ఆయిల్ ప్రెజర్ లేచిన క్షణంలో అది ఆగుతుంది. రెండు మూడు నిమిషాలు, ఒక్కోసారి ఐదు నిమిషాలు ఉండి ఒక్కసారిగా తెగిపోయేది గాలి కంప్రెసర్‌దో, ఫ్యాన్ క్లచ్‌దో కావచ్చు. పది పదిహేను నిమిషాలు ఉండి, కూలెంట్ వేడెక్కే కొద్దీ కొంచెం కొంచెంగా తగ్గేది లోహాల వ్యాకోచంతో ముడిపడింది. పిస్టన్ స్లాప్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లీకు ఆ కోవకు వస్తాయి. వేడెక్కే కొద్దీ తగ్గకుండా పెరిగేదైతే అది పొద్దుటి చప్పుడే కాదు. అరిగిన బేరింగు చప్పుడు ఆయిల్ పలచబడేకొద్దీ పెరుగుతుంది, దాన్ని వేరే జబ్బుగానే చూడాలి.

రెండో ఆధారం లయ. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సగంతో తిరుగుతుంది. నిమిషానికి 600 చుట్ల స్లోలో క్రాంక్ సెకనుకు 10 సార్లు తిరిగితే, ఒక్కో వాల్వ్ సెకనుకు 5 సార్లు తెరుచుకుంటుంది. కాబట్టి ఒక టాపెట్ వదులైతే సెకనుకు 5 దెబ్బలు, ఫ్లైవీల్ బోల్టు వదులై కొట్టుకుంటే 10 దెబ్బలు వినాలి. చెవితో ఇంత తేడా లెక్కపెట్టడం కష్టమే గాని, ఫోన్‌లో రికార్డు చేసి వేగం తగ్గించి వింటే లెక్క కుదురుతుంది. ఈ సౌకర్యం పాత మేస్త్రీలకు లేదు. వాళ్లు ఏళ్ల అనుభవంతో పట్టిన తేడాను ఇప్పుడు పదో తరగతి చదివిన క్లీనర్ కూడా పట్టగలడు. బెల్టు, కంప్రెసర్ లాంటివి తమ పుల్లీ లేదా గేర్ నిష్పత్తి ప్రకారం తిరుగుతాయి కనుక వాటి దెబ్బలు ఈ రెండు లెక్కల్లోనూ ఇమడకపోవచ్చు. ఇమడకపోవడం కూడా ఒక ఆధారమే.

గాలి ట్యాంకు

కార్ల గురించి రాసే పుస్తకాల్లో కనిపించని కారణం, లారీల్లో తరచూ తప్పించుకుపోయే కారణం గాలి కంప్రెసర్. ఎయిర్ బ్రేకుల లారీలో కంప్రెసర్‌ను చాలావరకు ఇంజిన్ టైమింగ్ గేర్లే తిప్పుతాయి. దానికి ఆయిల్ కూడా ఇంజిన్ నుంచే అందుతుంది. అందుకే దాని చప్పుడు ఇంజిన్ లోపలి చప్పుడులాగే వినిపిస్తుంది. ట్యాంకులు నిండేదాకా కంప్రెసర్ బరువు మీద పనిచేస్తుంది. బండిని బట్టి 7 నుంచి 10 బార్ మధ్య ఎక్కడో ఒకచోట గవర్నర్ తెరుచుకుని ఫుస్సున గాలి వదులుతుంది. అక్కడి నుంచి కంప్రెసర్ ఉత్తినే తిరుగుతుంది.

కంప్రెసర్ కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగినా, గజన్ పిన్ వదులైనా, దాన్ని తిప్పే గేర్‌లో ఆట పెరిగినా దెబ్బ వినిపించేది బరువు మీద ఉన్నప్పుడే. సాయంత్రం నిండు ట్యాంకుతో ఆపిన బండిలో పైపుల జాయింట్ల దగ్గరో, బ్రేక్ వాల్వ్ దగ్గరో లీకు ఉంటే పొద్దున్నకు గేజ్ సున్నాకు దిగుతుంది. అప్పుడు కంప్రెసర్ నాలుగైదు నిమిషాలు గట్టిగా పనిచేయాలి, చప్పుడూ అంతసేపు ఉంటుంది. లీకు లేని రోజునో, బండి నాలుగు గంటలే నిలబడ్డ రోజునో గాలి మిగిలే ఉంటుంది, చప్పుడు రాదు. రోజు విడిచి రోజు వచ్చే చప్పుడుకు ఇంతకంటే సరళమైన వివరణ అరుదు. అయినా ఈ చప్పుడు విని మెయిన్ బేరింగులు మార్చించుకున్న యజమానులు ఉంటారు.

దీన్ని తేల్చడానికి మరో తెల్లవారుజాము దాకా ఆగనక్కర్లేదు. చదునైన చోట బండి నిలిపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లో దిమ్మలో పెట్టి, ఇంజిన్ వేడిగా ఉండగానే ట్యాంకుల కింది డ్రెయిన్ కాక్‌లు విప్పి గాలంతా వదిలేయాలి. మళ్లీ మూసి ఇంజిన్ స్టార్ట్ చేస్తే, చప్పుడు వచ్చి ఫుస్సుమన్న క్షణంలో ఆగితే సంగతి తేలినట్టే. దిమ్మలు పెట్టకుండా ఈ పని చేయరాదు. స్ప్రింగ్ పార్కింగ్ బ్రేకు లేని పాత బండికి గాలి పోతే బ్రేకులు పోయినట్టే. తిరుగు పరీక్ష కూడా ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేయకముందే పంక్చర్ షాపు గాలితో ట్యాంకులు నింపి చూస్తే, కంప్రెసరే కారణమైనప్పుడు చప్పుడు వినిపించదు. గాలి వదిలినప్పుడు ఆయిల్ కలిసిన నీళ్లు ఎక్కువగా వస్తే కంప్రెసర్ రింగులూ అరిగాయని అర్థం.

టాపెట్లు, పిస్టన్లు, బేరింగులు

రోడ్ల మీద తిరిగే ఇంజిన్లు ఏ తరానివో తెలిస్తే సగం పని అయినట్టే. 1948లో అశోక్ మోటార్స్‌గా మొదలై 1955లో పేరు మారిన అశోక్ లేలాండ్, 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలు తయారుచేయడం మొదలుపెట్టిన టాటా, దశాబ్దాలపాటు లారీల మార్కెట్‌ను పంచుకున్నాయి. టాటా 697 ఇంజిన్‌కు ఆ పేరు ఊరికే రాలేదు: ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, 5,675 సీసీ. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ ద్వారా వచ్చిన 6బీటీ ఇంజిన్‌కు 102 మిల్లీమీటర్ల బోరు, 120 మిల్లీమీటర్ల స్ట్రోకు. వీటన్నిటికీ చేత్తో సరిచేసే టాపెట్లే. హైడ్రాలిక్ అడ్జస్టర్లు కొన్ని కొత్త చిన్న ట్రక్కుల, పికప్‌ల ఇంజిన్లలోనే కనిపిస్తాయి. అవి రాత్రి ఆయిల్ జార్చుకుని పొద్దున్న నాలుగు సెకన్లు టిక్కుటిక్కుమంటే కంగారు పడనక్కర్లేదు, అరనిమిషం దాటితే చూడాలి.

మామూలు టాపెట్ చప్పుడు సన్నగా, ఇంజిన్ పై మూత నుంచి వస్తుంది. 6బీటీలో చల్లని ఇంజిన్ మీద ఇన్‌టేక్‌కు 0.25, ఎగ్జాస్ట్‌కు 0.51 మిల్లీమీటర్ల సందు ఉంచాలి. అంటే సందు ఉండడమే ధర్మం, కొద్దిపాటి శబ్దం ఆరోగ్యమే. చప్పుడు పూర్తిగా పోవాలని ఫీలర్ గేజ్ లేకుండా చేతి అంచనాతో టాపెట్లు బిగించే అలవాటు చాలా షెడ్లలో ఉంది. బిగించిన మర్నాడు ఇంజిన్ నిశ్శబ్దంగా ఉంటుంది, యజమాని సంతోషిస్తాడు. ఎగ్జాస్ట్ వాల్వ్ వేడికి సాగి సీటు మీద పూర్తిగా మూసుకోక, మంట దాని అంచును తినేస్తుంది. కొన్నాళ్లకు ఆ సిలిండర్ కంప్రెషన్ పోతుంది. చప్పుడును చంపి ఇంజిన్‌ను చంపే మరమ్మతు ఇదే.

పిస్టన్ స్లాప్ అంటే చల్లని పిస్టన్ లైనర్‌లో వదులుగా ఉండి, మంట ఒత్తిడికి ఒక గోడ నుంచి మరో గోడకు వాలి కొట్టుకోవడం. దీని లెక్క సులభమే. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం డిగ్రీకి మీటరుకు సుమారు 20 మైక్రాన్లు, లైనర్ పోత ఇనుము సుమారు 11 మైక్రాన్లు వ్యాకోచిస్తాయి. 102 మిల్లీమీటర్ల పిస్టన్ స్కర్ట్ 100 డిగ్రీలు వేడెక్కితే 0.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లైనర్ 70 డిగ్రీలు వేడెక్కితే 0.08 మాత్రమే. అంటే చల్లగా ఉన్నప్పుడు వాటి మధ్య అదనంగా 0.12 మిల్లీమీటర్ల ఆట ఉంటుంది, వేడెక్కగానే అది పూడిపోతుంది. స్లాప్ బోలు శబ్దంలా బ్లాక్ పక్క నుంచి వినిపిస్తుంది. ఆయిల్ ఖర్చు పెరగకుండా, బ్రీదర్ నుంచి పొగ కొట్టకుండా ఉంటే ఈ చప్పుడుతోనే ఇంజిన్ ఇంకా చాలాకాలం తిరుగుతుంది. ఆ రెండూ తోడైతే ఇంజిన్ బోరుకు వచ్చిందని లెక్క.

భయపడవలసింది బేరింగులకే. కనెక్టింగ్ రాడ్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే బిగ్ ఎండ్ బేరింగు సందు కొత్తలో మిల్లీమీటర్‌లో పదో వంతు లోపే ఉంటుంది. అందులో ఆయిల్ పొర నిలబడితే లోహం లోహాన్ని తాకదు. రాత్రి ఆయిల్ జారిపోయి, పొద్దున్న మూడు నాలుగు సెకన్లు గట్టిగా దబదబ అని ఆగితే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆయిల్ ఆలస్యంగా వస్తోందా? వచ్చిన ఆయిల్‌ను నిలుపుకోలేనంతగా సందు పెరిగిందా? మొదటిదైతే ఆయిల్ ఫిల్టర్‌ను, పంపు పికప్ పైపును చూడాలి. పక్కకు పడుకోబెట్టి లేదా తలకిందులుగా బిగించే ఫిల్టర్లలో ఆయిల్ వెనక్కి పోకుండా రబ్బరు వాల్వ్ ఉంటుంది. నకిలీ ఫిల్టర్‌లో అది పేరుకే ఉంటుంది, లేదా వేడికి గట్టిపడి పనిచేయదు. మూతి పైకి ఉండేలా నిలువుగా వేలాడే ఫిల్టర్‌కు ఈ బాధ తక్కువ. కాబట్టి ఫిల్టర్ మార్చమనే ముందు అది ఏ భంగిమలో ఉందో చూడడం మేలు. పికప్ పైపు గాస్కెట్ చెడినా, చాంబర్‌లో ఆయిల్ తక్కువైనా పంపు ముందు గాలినే పీలుస్తుంది.

డీజిల్ కొట్టుడు

ఎక్కువసార్లు భయపెట్టేదీ, తక్కువసార్లు ప్రమాదమైనదీ ఇది. డీజిల్ సిలిండర్‌లో పడ్డ తర్వాత అంటుకోవడానికి క్షణంలో చిన్న భాగం పడుతుంది. గోడలు చల్లగా ఉంటే ఆ జాగు పెరుగుతుంది. ఈలోగా పేరుకున్న డీజిలంతా ఒకేసారి అంటుకుని ఒత్తిడి నిట్టనిలువుగా లేస్తుంది, అదే ఖణఖణ మోత. తోడుగా తెల్లపొగ, పచ్చి డీజిల్ వాసన ఉంటాయి. కామన్ రైల్ ఇంజిన్లలో అసలు మోతాదుకు ముందు చిటికెడు డీజిల్ పంపి మంటను సిద్ధం చేస్తారు కనుక ఇది బాగా తగ్గింది. 2010, 2017, 2020 ఏప్రిల్ నెలల్లో దేశమంతా వరుసగా బీఎస్-3, బీఎస్-4, బీఎస్-6 ఉద్గార నిబంధనలు వచ్చిన కొద్దీ పాత పంపు ఇంజిన్ల జోరు మోత రోడ్ల మీద పలచబడింది.

ఒకే ఒక్క సిలిండర్ నుంచి దెబ్బ వస్తే నాజిల్‌ను అనుమానించాలి. కారే నాజిల్ రాత్రంతా పిస్టన్ మీద చుక్కలు వేస్తుంది, పొద్దున్న ఆ సిలిండర్ ఒక నిమిషం గట్టిగా కొట్టుకుని సర్దుకుంటుంది. చాంబర్‌లో ఆయిల్ పోయకుండానే మట్టం పెరగడం, డిప్‌స్టిక్ డీజిల్ వాసన వేయడం దీనికి మరో ముఖం. అలా పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. చిన్న జబ్బు పెద్ద జబ్బుకు దారి తీసేది ఇక్కడే.

ఇంజిన్ బయటి చప్పుళ్లు

స్టార్టయిన వెంటనే డైనమో దిగిన బ్యాటరీని గట్టిగా నింపబోతుంది, బరువు పెరిగి బెల్టు జారి కీచుమంటుంది. తెల్లవారి మంచు తడి దీనికి తోడు. తిరిగే బెల్టు మీద కొంచెం నీళ్లు చల్లినప్పుడు శబ్దం పెరిగితే బిగువు చాలదని, ఆగి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒకే గీతలో లేవని సూచన. విస్కస్ ఫ్యాన్ క్లచ్‌లో సిలికాన్ ద్రవం రాత్రి సర్దుకుపోయి, పొద్దున్న రెండు మూడు నిమిషాలు ఫ్యాన్ ఇంజిన్‌తో బిగిసి హోరుమని తిరుగుతుంది. అది జబ్బు కాదు. స్టార్టర్ పినియన్ వెనక్కి రాకపోతే గీరుకునే శబ్దం వస్తుంది, వెంటనే ఆపకపోతే ఫ్లైవీల్ పళ్లు పోతాయి. క్లచ్ తొక్కగానే మారే చప్పుడు ఇంజిన్‌ది కాదు, గేర్‌బాక్స్‌దో రిలీజ్ బేరింగుదో.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మాత్రం మెకానిక్‌లనే మోసం చేస్తుంది. చివరి స్టడ్ విరిగితే చల్లగా ఉన్నప్పుడు సన్నని సందులోంచి గాలి కొడుతూ అచ్చం టాపెట్‌లాగే టకటకమంటుంది. ఇనుము వేడికి సాగి సందు మూసుకోగానే ఆగిపోతుంది. జాయింటు దగ్గర నల్లని మసి చార కోసం టార్చి వేసి చూడడం టాపెట్ కవర్ విప్పే ముందు చేయవలసిన పని.

ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోవడం

వచ్చీపోయే చప్పుడుకు తలరాత ఏమీ లేదు. వచ్చిన రోజుకూ రాని రోజుకూ తేడా ఏదో ఉండే ఉంటుంది, దాన్ని డ్రైవరే చెప్పగలడు. ఎన్ని గంటలు నిలిచింది, ముందు వైపు పల్లంలోనా చదునులోనా, నిన్న లోడు మీద వచ్చిందా ఖాళీగానా, ఆపే ముందు గాలి గేజ్ ఎంత, పొద్దున్న ఎంత, ఆయిల్ మట్టం ఎంత, డీజిల్ ఎక్కడ పట్టింది, ఈమధ్య ఏ పని చేయించారు. ట్రిప్ షీటు వెనక ఈ వివరాలు వారం రోజులు రాస్తే చాలాసార్లు జవాబు కాగితం మీదే కనిపిస్తుంది. పల్లంలో నిలిపిన రోజే చప్పుడు వస్తుంటే డీజిల్ లైనో ఆయిల్ పికప్పో, గాలి పోయిన రోజే వస్తుంటే కంప్రెసరో. ఆయిల్, ఫిల్టర్ మార్చిన మర్నాడు నుంచి మొదలైతే ఆ ఫిల్టర్‌నే ముందు విప్పాలి.

నిర్ధారణకు బండిని ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదలాలి. సంపాదన ఆగిపోతుందని యజమానులు దీనికే ఒప్పుకోరు. గంటన్నర చల్లారబెట్టి పరీక్షిస్తే చాలదు. ఆయిల్ పూర్తిగా జారడానికీ, బ్లాక్ లోపలి వేడి దిగడానికీ ఒక రాత్రి పడుతుంది. పొద్దున్న బానెట్ లేదా క్యాబిన్ ముందే ఎత్తి పెట్టుకుని, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు పక్కన నిలబడి రికార్డు చేయాలి. అవకాశం ఆ రోజుకు ఒక్కసారే. ముందుగా ఎవరో క్లీనర్ అలవాటుగా స్టార్ట్ చేసి పెడితే ఆ రోజు పోయినట్టే. తాళం చెవి మెకానిక్ దగ్గరే ఉండాలి.

పరీక్షలు

పొడవాటి స్క్రూడ్రైవర్ కొన బ్లాక్‌కు ఆనించి పిడి చెవి ఎముకకు పెట్టి వినడం వరంగల్ ఆటోనగర్‌లోనైనా, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనైనా నేటికీ మొదటి పరీక్ష. లోహంలో శబ్దం బాగా ప్రయాణిస్తుంది కనుక వైద్యుడి స్టెతస్కోపు లాంటిదే ఇది. ఎక్కడ గట్టిగా ఉందో చెబుతుంది, ఎందుకో చెప్పదు. గాలి లీకుకు ఇది పనికిరాదు, దానికి రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర, మరో కొన జాయింటు దగ్గర పెట్టి వినాలి.

డ్యాష్‌బోర్డు ఆయిల్ లైటు మీద ఆధారపడకుండా సెన్సర్ తీసి అసలు గేజ్ బిగిస్తే ప్రెజర్ ఎన్ని సెకన్లకు లేచిందో తెలుస్తుంది. 6బీటీకి వేడి మీద స్లోలో కనీసం 0.7 బార్, పూర్తి వేగంలో 2 బార్ ఉండాలి. చప్పుడు ఆగడం, ముల్లు లేవడం ఒకేసారి జరిగితే ఆయిల్ మార్గమే దోషి. ముల్లు వెంటనే లేచినా చప్పుడు సాగుతుంటే వేరే చోట వెతకాలి.

పాత పంపు ఇంజిన్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేస్తే ఆ సిలిండర్ పని ఆగుతుంది. అప్పుడు దెబ్బ తగ్గితే ఆ సిలిండర్ నాజిల్, పిస్టన్ లేదా బిగ్ ఎండ్ మీద అనుమానం నిలుస్తుంది. కామన్ రైల్ ఇంజిన్‌లో ఈ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. అందులో డీజిల్ 1,600 బార్ దాటిన ఒత్తిడితో ఉంటుంది, సన్నని ధార చర్మం చీల్చి లోపలికి పోయి వేళ్లు తీసేయాల్సిన గాయం చేస్తుంది. అక్కడ స్కానర్‌తో సిలిండర్లను ఒక్కొక్కటిగా ఆపి చూస్తారు.

చివరగా ఆయిల్. ఫిల్టర్‌ను కోసి కాగితం పరిచి ఎండలో చూస్తే అయస్కాంతానికి అంటే పొడి ఇనుముది: లైనరో, రింగులో, గేర్లో, క్యామ్‌షాఫ్టో. అంటని తళుకు పొడి రాగి రంగులో ఉంటే బేరింగుల పై పూత పోయి లోపలి పొర బయటపడిందని అర్థం. ఆయిల్ ల్యాబు పరీక్షలో సీసం, తగరం, రాగి కలిసి పెరగడం బేరింగు గుర్తు. సిలికాన్ పెరగడం ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన దుమ్ము గుర్తు. మట్టి రోడ్ల మీద కల్లాల దాకా వెళ్లే బండ్లకు ఈ రెండోది బాగా వర్తిస్తుంది.

తప్పుడు మందులు

చప్పుడు వస్తోందని 20డబ్ల్యూ-50 పోయడం తరచూ జరిగే పని. వేడి మీద చప్పుడు కొంత మునుగుతుంది గాని, పొద్దున్న ఆ చిక్కటి ఆయిల్ పైకి ఎక్కడానికి ఇంకాస్త ఆలస్యమవుతుంది. అంటే సరిగ్గా ఏ సెకన్లలో జబ్బు ఉందో ఆ సెకన్లనే పొడిగించినట్టు. ఆయిల్ త్వరగా ఎక్కాలని స్టార్టయిన వెంటనే రేస్ ఇవ్వడం మరీ చెడ్డది. ఆయిల్ పొర లేని బేరింగుల మీద, టర్బో షాఫ్టు మీద బరువు పెంచినట్టే. అరనిమిషం స్లోలో వదిలి, గాలి నిండాక మెల్లగా కదిలించడం సరైన పద్ధతి. గాలి నిండిన తర్వాత కూడా పావుగంట స్లోలో వేడెక్కించడం వల్ల ఒరిగేదేమీ లేదు. చల్లని సిలిండర్‌లో కాలని డీజిల్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. పెద్ద రైలింజన్లలో, జనరేటర్లలో స్టార్టుకు ముందే ఆయిల్ ఎక్కించే విడి పంపు ఉంటుంది. లారీకి ఆ ఏర్పాటు లేదు. చాలా రోజులు నిలిచిన పాత ఇంజిన్‌కు డీజిల్ కట్ చేసి పది సెకన్లు సెల్ఫ్‌తో తిప్పి, ఆయిల్ ముల్లు కదిలాక స్టార్ట్ చేయడమే దానికి బదులు.

ఎప్పుడు ఆపేయాలి

ఆయిల్ ముల్లు పది సెకన్లలో లేవకపోతే చప్పుడు ఉన్నా లేకున్నా ఇంజిన్ ఆపాలి. దబదబ వేడెక్కే కొద్దీ పెరిగితే, లోడు మీద మరీ పెరిగితే బండిని నడపకుండా లాగించాలి. కొట్టుకునే బిగ్ ఎండ్‌తో జనగామ దాకా పోదామనుకుంటే దారిలోనే కనెక్టింగ్ రాడ్ బ్లాక్‌ను చీల్చుకుని బయటికి రావచ్చు. బేరింగులు మార్చడమే తేలితే, మైక్రోమీటర్‌తో క్రాంక్ జర్నల్స్ కొలవకుండా కొత్త షెల్స్ బిగించకూడదు. జర్నల్ గుండ్రదనం పోయి ఉంటే లాత్ షాపులో గ్రైండ్ చేయించి, దానికి తగిన అండర్‌సైజ్ బేరింగులు వేయాలి. పాత బేరింగు ఏ వైపు అరిగిందో చూసి, ఆయిల్ పంపు, రిలీఫ్ వాల్వ్, ఆయిల్ కూలర్ కడిగి పరీక్షించిన తర్వాతే చాంబర్ మూయాలి. కూలర్‌లో ఇరుక్కున్న పాత లోహపు పొడి కొత్త బేరింగుల్లోకి చేరితే అదే చప్పుడు కొద్ది నెలల్లోనే మళ్లీ మొదలవుతుంది.